పట్టేసిన ఫిల్టరు



పెళ్ళి పందిట్లో తలంబ్రాల వేళకి ఫొటోగ్రాఫరు వధూవరులకి బాగా దగ్గరగా జరుగుతాడు. దోసిళ్ళ కొద్దీ పసుపు బియ్యం ఎగురుతున్నా అంత దగ్గరికి వెళ్ళే ధీమా ఆయనకి లెన్సు ముందు బిగించిన ఓ గాజుబిళ్ళ వల్ల వస్తుంది. దాన్నే ఫిల్టరు అంటాం. దెబ్బ తగిలినా, గీత పడినా దానికే పడాలి, లోపలి అసలు అద్దానికి పడకూడదు. అంతవరకు బాగానే ఉంది. తంతు ముగిశాక పసుపు తుడుచుకుందామని ఫిల్టరు తిప్పబోతే రాదు. ఇంకాస్త గట్టిగా పట్టి తిప్పుతాడు, రాదు. సాయానికి వచ్చిన కుర్రాడికిస్తాడు. వాడు కండలు తిరిగినవాడు, పళ్ళు బిగించి మరీ తిప్పుతాడు. ఈసారి అసలు కదలదు.

ఇవాళ్టి ప్రసంగం ఈ పట్టేసిన ఫిల్టర్ల గురించీ, వాటితో పాటు వాడే అడాప్టర్ రింగుల గురించీ. కండలు తిరిగినవాడి చేతిలో అది ఎందుకు కదల్లేదో ముందు చెప్పుకుందాం. కారణం ఆ కండలే.

ఫిల్టరంటే గాజు చుట్టూ పల్చటి లోహపు రింగు. రింగు వెనకవైపు, బయటి అంచు మీద సన్నటి మర ఉంటుంది. లెన్సు మూతి లోపలి అంచున దానికి సరిపడే మర ఉంటుంది. మెకానిక్కులు దీన్నే త్రెడ్డు అంటారు. లెన్సు మూతి మీద, సున్నాకి అడ్డగీత కొట్టినట్టుండే గుర్తు పక్కన, 52 అనో 67 అనో 77 అనో ఒక అంకె కనిపిస్తుంది. అది ఆ మర వ్యాసం, మిల్లీమీటర్లలో. మనం రోజూ వాడే ఈ సైజుల్లో త్రెడ్డుకీ త్రెడ్డుకీ మధ్య దూరం ముప్పావు మిల్లీమీటరు. అంటే ఫిల్టరుని ఒక పూర్తి చుట్టు తిప్పితే అది లోపలికి జరిగేది ముప్పావు మిల్లీమీటరే.

చిన్న లెక్క వేద్దాం. 77 మిల్లీమీటర్ల రింగు చుట్టుకొలత సుమారు 242 మిల్లీమీటర్లు. అంత దూరం నడిస్తే ముప్పావు మిల్లీమీటరు ఎత్తు ఎక్కే దారి అన్నమాట. ఆ వాలు ఒక డిగ్రీలో ఐదో వంతు కూడా ఉండదు. వాలు ఇంత తక్కువైతే, వేళ్ళతో ఒక్క పిసరు తోసినా లోపల రెండు లోహాలు ఒకదాన్నొకటి చాలా బలంగా ఒత్తుకుంటాయి. ఫిల్టరు అడుగుకి చేరి ఆగిన తరవాత, ఊడిపడుతుందేమోనన్న భయంతో, ఇంకొక్క పిసరు తిప్పుతాం చూడండి, చిక్కంతా అక్కడే పడుతుంది. నిజానికి ఇంత తక్కువ వాలున్న మర అంత తేలిగ్గా జారిపోదు. ఆగినచోట వదిలేసినా ఫిల్టరు మామూలుగా నిలబడే ఉంటుంది.

ఇక తీసేటప్పుడు మనం చేసేది చూడండి. బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు దానికి ఎదురుగా పెట్టి, నొక్కి పట్టి తిప్పుతాం. రింగు పల్చటిది కదా, నొక్కిన రెండుచోట్లా లోపలికి వంగుతుంది, మిగతా రెండువైపులా బయటికి ఉబ్బుతుంది. గుండ్రంగా ఉండాల్సింది కోలగా అవుతుంది. మన కంటికి కనిపించేంత కాదు గానీ, మరకి తెలిసేంత. ఉబ్బినచోట త్రెడ్డు లెన్సు త్రెడ్డులోకి ఇంకా గట్టిగా దిగబడుతుంది. మనం ఎంత గట్టిగా దాన్ని పట్టుకుంటే అది అంత గట్టిగా లెన్సుని పట్టుకుంటుంది. కటింగ్ ప్లయరు తీసుకొస్తే ఈ గొడవ పదింతలవుతుంది. రిపేరు షాపులో కుర్చీలో కూర్చోబెట్టకముందే అడిగే మొదటి ప్రశ్న, "ముందే ఎవరన్నా ప్లయరు పెట్టారా సార్?" అని. రింగు అంచు మీద పళ్ళ గాట్లు చూశాకే అడుగుతారు, మర్యాదకి.

కాబట్టి చేయాల్సింది నొక్కుడు తగ్గించి, పట్టు పెంచడం. ఈ రెండూ ఒకటి కాదు. మొదట ఐదు వేళ్ళ కొసల్నీ రింగు చుట్టూ సమంగా ఆనించండి. నొక్కొద్దు, ఆనించండి చాలు. నెమ్మదిగా అపసవ్యంగా, అంటే లెన్సు మూతి మీకు ఎదురుగా ఉన్నప్పుడు గడియారం ముల్లు తిరిగేదానికి ఎదురు దిక్కున తిప్పండి. మొరాయించిన ఫిల్టర్లలో చాలా వాటికి ఇదే సరిపోతుంది. చెమట చేతులైతే తుడుచుకోండి.

అప్పటికీ రాకపోతే రబ్బరు కావాలి. సైకిలు ట్యూబు పాతది ఒకటి అడ్డంగా కోస్తే రింగుల్లాంటి ముక్కలొస్తాయి. ఫిల్టరు అంచుకి సరిపడా సన్నంగా కోసి, దాన్ని సాగదీసి ఫిల్టరు చుట్టూ తొడగండి. వెడల్పాటి రబ్బరు బ్యాండయినా సరే. ఇప్పుడు వేళ్ళు లోహం మీద జారవు కాబట్టి నొక్కాల్సిన అవసరం సగం తగ్గిపోతుంది. రబ్బరు కింది అంచు లెన్సు మీదికి ఎక్కకుండా చూసుకోండి. ఫిల్టరునీ లెన్సునీ కలిపి పట్టుకుంటే ఎంతసేపు తిప్పినా ఫలితం ఉండదు. ఈ మాట చెప్పడం ఎందుకంటే, హడావిడిలో జరిగేది సరిగ్గా అదే.

ఇంకో ఉపాయం నాకు అన్నిటికన్నా ఇష్టం. కొత్త హవాయి చెప్పు అడుగు గానీ, కంప్యూటరు మౌసు కింద పరిచే రబ్బరు పట్టా గానీ బల్ల మీద పెట్టి, లెన్సుని బోర్లించి, ఫిల్టరు అంచు మొత్తం దానికి ఆనేలా తేలిగ్గా అదమండి. బోర్లించే ముందు, గాజు అంచుకన్నా పైకి ఉబ్బి లేదని ఒకసారి చూసుకోవాలి. తరవాత లెన్సునే తిప్పాలి. ఎటువైపు అన్న అనుమానం అందరికీ వస్తుంది. పచ్చడి సీసాని మూత మీద బోర్లించి సీసాని తిప్పుతున్నట్టు అనుకోండి. పైనుంచి చూస్తే, మామూలుగా మూత తీసే దిక్కే. ఇక్కడ రింగు చుట్టూ ఒత్తిడి అంతటా ఒకేలా పడుతుంది, కోలగా అయ్యే అవకాశమే లేదు. అయితే లెన్సుని ఎక్కడ పట్టుకుంటున్నామన్నది ముఖ్యం. జూమ్ లెన్సు అయితే ముందుకి సాగే గొట్టాన్ని పూర్తిగా లోపలికి లాగి, ఫిల్టరుకి వీలైనంత దగ్గరగా, మూతి దగ్గరే పట్టుకోవాలి. కెమెరా బాడీని ఒక చేత్తో, ఫిల్టరుని ఇంకో చేత్తో పట్టి మెలితిప్పితే ఆ బలమంతా లోపల జూమునీ ఫోకసునీ కదిపే సన్నటి భాగాల మీద పడుతుంది. ఫిల్టరు ఊడిరావచ్చు, దానితో పాటు ఫోకసు కూడా పోవచ్చు.

ఇక పోలరైజరు దగ్గరికి వద్దాం. ఆకాశం నీలాన్ని చిక్కబరచడానికీ, నీళ్ళ మీదా ఆకుల మీదా మెరుపు తగ్గించడానికీ వాడే ఫిల్టరు ఇది. పట్టేసే ఫిల్టర్లలో దీనిదే అగ్రాసనం. దీనిలో రెండు రింగులుంటాయి. వెనకది లెన్సులోకి బిగుస్తుంది. గాజు ఉన్న ముందు రింగు స్వేచ్ఛగా తిరుగుతుంది. ఎటు తిప్పితే మెరుపు తగ్గుతుందో కంటితో చూసుకుంటూ తిప్పుకోవడానికి ఆ ఏర్పాటు. ఇటు తిప్పితే ఊడి కింద పడుతుందేమోనన్న భయంతో ఫొటోగ్రాఫర్లు ఎప్పుడూ బిగించే వైపే తిప్పడం అలవాటు చేసుకుంటారు. అలవాటు మంచిదే. కానీ తిప్పిన ప్రతిసారీ వెనక రింగు కాస్త కాస్త బిగుసుకుంటూ పోతుంది. తీరా తీయబోతే చేతికి అందేది ముందు రింగు. అది గిరగిరా తిరుగుతూనే ఉంటుంది గానీ ఫిల్టరు ఊడదు. పట్టుకోవాల్సింది వెనక రింగుని. దాని అంచు చాలా సన్నగా ఉంటుంది, చూపుడు వేలి గోరు ఆనేంత. సైకిలు ట్యూబుని సన్నటి నాడాలా కోసి, ఆ అంచు మీదే సరిగ్గా కూర్చునేలా తొడిగితే దారికొస్తుంది. రబ్బరు పట్టా మీద బోర్లించే ఉపాయం మాత్రం పోలరైజరుకి పనిచేయదు, పట్టాకి ఆనేది తిరిగే రింగే కాబట్టి.

ఇలాంటి సన్నటి అంచుల కోసమే ఫిల్టరు రెంచీలని ప్లాస్టిక్కు కొంకీలు అమ్ముతారు. జతగా వస్తాయి. 48 నుంచి 58 మిల్లీమీటర్ల దాకా ఒక జత, 62 నుంచి 77 దాకా ఇంకో జత సాధారణంగా దొరుకుతాయి. ఖరీదు పెద్దగా ఉండదు. జత ఎందుకంటే, ఒకదాని మీద ఒకటి బిగించిన రెండు ఫిల్టర్లు అతుక్కుపోయి లెన్సు నుంచి కలిసి ఊడొస్తే, చెరొకటి పట్టి విడదీయడానికి. రెంచీ పిడిని నొక్కి పట్టుకుంటే మళ్ళీ పాత కథే, రింగు కోలగా అవుతుంది. దాని వంపు రింగుకి ఆని ఉంటే చాలు, పక్కకి తోయాలి.

అడాప్టర్ రింగులు ఇంతకన్నా మొండివి. 67 మిల్లీమీటర్ల లెన్సుకి 77 ఫిల్టరు పెట్టుకోవాలంటే మధ్యలో ఒక స్టెప్ రింగు కావాలి. ఒక్క పెద్ద ఫిల్టరు కొని, నాలుగు లెన్సులకీ రింగులతో వాడుకోవడం తెలివైన పొదుపు. అయితే ఆ రింగులో గాజు లేదు, మందం లేదు, పట్టుకోవడానికి అంచు లేదు. ఉత్త రేకులా ఉంటుంది. పట్టేసిన రింగుని ఉత్త చేతులతో తీయబోవడం కన్నా, దాని ముందున్న మరలోకి ఏదైనా పాత ఫిల్టరు బిగించి, ఆ ఫిల్టరుకి రబ్బరు తొడిగి తిప్పడం మేలు. చేతికి మందమైన పిడి దొరికినట్టవుతుంది, ఫిల్టరు లోపల ఉండటం వల్ల రేకు వంగదు. ముందు ఫిల్టరే విడిగా ఊడొచ్చేస్తే మళ్ళీ బిగించి ప్రయత్నించండి. ఏ జత ముందు వదులుతుందో చెప్పలేం గానీ, రెండోసారో మూడోసారో రింగు కదలడం మామూలే.

లోహాల సంగతి కొంచెం చెప్పాలి. చవక ఫిల్టర్ల రింగులు అల్యూమినియం. లెన్సు మూతి కూడా అల్యూమినియం అయితే, ఒకే మెత్తటి లోహం తనతో తనే రాపాడి అతుక్కునే స్వభావం చూపిస్తుంది. అందుకే బీ ప్లస్ డబ్ల్యూ, హేలియోపాన్ లాంటి జర్మన్ కంపెనీలు ఇత్తడి రింగులతో పేరు తెచ్చుకున్నాయి. ఇత్తడి అల్యూమినియం మీద నున్నగా తిరుగుతుంది, అంత సులువుగా పట్టేయదు. డబ్బు పెట్టగలిగితే ఇత్తడిదే కొనమంటాను. ఒక్క మినహాయింపు, సముద్రపు ఒడ్డున పనిచేసేవాళ్ళు. విశాఖ తీరంలోనో కాకినాడ తీరంలోనో ఉప్పు తేమ రెండు వేరువేరు లోహాల మధ్య చేరిందంటే అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడి కడుతుంది. ఆ పొడే మరని పట్టేస్తుంది. అలాంటిచోట పని అయిన రోజే ఫిల్టరు విప్పి తుడుచుకోవడం తప్పనిసరి.

ఇక వేడీ చలీ. ఇప్పటి లెన్సుల్లో చాలా వాటి మూతి ప్లాస్టిక్కు. మామూలు పాలీకార్బొనేటు వేడికి వ్యాకోచించేది, చలికి సంకోచించేది అల్యూమినియం కన్నా దాదాపు మూడింతలు. రెంటచింతల ఎండలో 45 డిగ్రీల దగ్గర బిగించిన 77 ఫిల్టరుని లంబసింగి మంచులో 10 డిగ్రీల దగ్గర విప్పబోయారనుకోండి. ప్లాస్టిక్కు మూతి ఫిల్టరు కన్నా సుమారు 0.12 మిల్లీమీటరు ఎక్కువగా ముడుచుకుని ఉంటుంది. గాజుపీచు కలిపిన ప్లాస్టిక్కయితే ఈ తేడా తగ్గుతుంది, అయినా మర విషయంలో అది తక్కువేం కాదు. ఫిల్టరుని లోపల బిగించి పిసికినట్టే. కాబట్టి పట్టేసినప్పుడు కావలసింది వెచ్చదనం. గోరువెచ్చటి పొడి గుడ్డని లెన్సు మూతి చుట్టూ, బయటివైపు, రెండు మూడు నిమిషాలు చుట్టి ఉంచి, వెంటనే తిప్పి చూడండి. అంతకు మించి వేడి వద్దు. జుట్టు ఆరబెట్టే మెషిను దగ్గరగా పెట్టి వేడి చేస్తే లోపల అద్దాలని అతికించిన జిగురుకీ, కదిలే భాగాల గ్రీజుకీ చేటు. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా మాత్రం వినకండి. ప్లాస్టిక్కు మూతి ఇంకా బిగుసుకుంటుంది. పైగా బయటికి తీయగానే చెమ్మ పట్టి లెన్సు లోపల బూజుకి దారి తీస్తుంది.

అలాగే తుప్పు వదలగొట్టే స్ప్రేలు, కుట్టుమిషను నూనె. తలుపు బందుకి ఎంత మంచివో లెన్సుకి అంత చెడ్డవి. నూనె పాకుతుంది. మర సందులోంచి లోపలికి జారి, కాంతిని అదుపు చేసే పల్చటి రేకుల మీదికి చేరిందంటే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఫిల్టరు తీయబోయి లెన్సు మొత్తం విప్పించాల్సి వస్తుంది.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది పగిలిన ఫిల్టరు దగ్గర. కెమెరా కింద పడింది, ఫిల్టరు గాజు పగిలింది, రింగు నొక్కుకుపోయింది. లోపలి అద్దం బాగానే ఉందన్న సంతోషంలో గుడ్డ తీసుకుని తుడిచేస్తారు. ఆ గుడ్డలో చిక్కుకున్న గాజు ముక్కలే, పడినప్పుడు తగలని గీతలన్నీ లెన్సుకి పెడతాయి. తుడవొద్దు, నోటితో ఊదొద్దు. లెన్సు మూతి కిందికి ఉండేలా పట్టుకుని, పెద్ద ముక్కల్ని నోస్ ప్లయరుతో ఒక్కొక్కటిగా కిందికి లాగేయండి. తరవాత అదే భంగిమలో రబ్బరు బ్లోయరుతో మెల్లగా గాలి కొడితే సన్నటి రజను కిందికే రాలిపోతుంది. ఇంక మిగిలింది నొక్కుకుపోయిన రింగు. నొక్కుడు పడినచోట అది మరలో ఇరుక్కుని తిరగదు. లోపలి అద్దం మీద మందపాటి కాగితపు బిళ్ళ పెట్టి, చుట్టూ టేపు అంటించి, నోస్ ప్లయరుతో రింగు అంచుని లోపలివైపుకి, అంటే లెన్సు మధ్యకి వంచుకుంటూ పోవాలి. రింగు లోపలికి ముడుచుకునే కొద్దీ త్రెడ్డు లెన్సు త్రెడ్డుని వదిలేస్తుంది. వంగకపోతే, హాక్సా బ్లేడుతో రింగు మందంలో సగం వరకే కోసి, అక్కడ వంచాలి. మందమంతా కోస్తే బ్లేడు లెన్సు మరలోకి దిగుతుంది.

గాజు పగలకుండా ఉండి, ఏ ఉపాయానికీ లొంగని ఫిల్టరుకి కూడా బ్లేడే చివరి మందు. ముందు అంచు మీద ఎదురెదురుగా రెండు గాట్లు పెట్టి, వాటిలో స్టీలు స్కేలు నిలబెట్టి, స్క్రూ డ్రైవరులా తిప్పడం. ఫిల్టరు పోతుంది, లెన్సు మిగులుతుంది. ఖరీదైన లెన్సు అయితే ఈ పని రిపేరువాళ్ళకే వదలండి. మర పాడైనా చాలా లెన్సుల్లో ముందు రింగు విడిగా మార్చగలిగే భాగమే.

ఇవేవీ రాకుండా ఉండాలంటే బిగించేటప్పుడే చూసుకోవాలి. ఫిల్టరుని లెన్సు మీద సమంగా ఆనించి, ముందు వెనక్కి, అంటే విప్పే దిక్కున తిప్పండి. ఒకచోట చిన్నగా 'టక్' మని కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. త్రెడ్డు మొదలు త్రెడ్డు మొదట్లో పడిన గుర్తు అది. అక్కణ్ణుంచి ముందుకి తిప్పితే మర అడ్డంగా ఎక్కదు. అడుగుకి చేరి ఆగిందా, మీరూ ఆగండి. త్రెడ్డులో పసుపు, ఇసుక, హోమం పొగ మసి పేరుకోకుండా మెత్తటి టూత్ బ్రష్షుతో అప్పుడప్పుడు దులపండి. మెత్తటి 6బి పెన్సిలు సీసాన్ని ఫిల్టరు త్రెడ్డు మీద రుద్ది, రాలే పొడిని ఊదేస్తే, ఆ గ్రాఫైటే పొడి కందెనగా పనికొస్తుంది. ఉప్పుగాలి ఊళ్ళలో గ్రాఫైటు కూడా అల్యూమినియాన్ని తినిపిస్తుంది, అక్కడ కొవ్వొత్తి రుద్ది తుడిచేస్తే చాలు.

అసలు ఫిల్టరు అంతసేపు ఉంచాలా అన్నది ఇంకో ప్రశ్న. యూవీ ఫిల్టరు ఫిలిం రోజుల్లో అతినీలలోహిత కాంతిని ఆపడానికి పుట్టింది. డిజిటల్ కెమెరాలో ఆ కాంతిని ఆపే ఏర్పాటు సెన్సారు ముందే ఉంటుంది. కాబట్టి ఇప్పుడది కాపలా గాజు మాత్రమే. తలంబ్రాలకీ, సముద్రపు తుంపరకీ, దుమ్ముకీ పెట్టుకోండి. మిగతా రోజుల్లో లెన్సు హుడ్డు అంతకన్నా మంచి కాపలా.

మర లేని పద్ధతులూ ఉన్నాయి. ఒకప్పుడు మన స్టూడియోల్లో కనిపించిన యాషికామ్యాట్ కెమెరాకి, దాని పెద్దన్న రోలీఫ్లెక్సుకి ఫిల్టరు కొంచెం తిప్పితే కొక్కేల్లో కూర్చునేది, పట్టేసే మాటే లేదు. సినిమా కెమెరా ముందు మేట్ బాక్సులో చతురస్రపు ఫిల్టర్లు పలకల్లా జారిపోతాయి. ఇప్పుడు అయస్కాంతపు ఫిల్టర్లొచ్చాయి, పెట్టడం తీయడం క్షణంలో పని. కానీ అయస్కాంతం అతుక్కునే ఆ రింగుని మాత్రం లెన్సు మరలోనే బిగించాలి. అది పట్టేస్తే మళ్ళీ సైకిలు ట్యూబే.

ఒక్కోసారి తీయకపోవడమూ మంచిదే. 67 లెన్సు మీద 77 స్టెప్ రింగు పట్టేసిందనుకోండి. రింగు పెద్దది కాబట్టి ఫొటో మూలలు నల్లబడవు. పోయేదల్లా ఆ లెన్సు హుడ్డు ఎక్కకపోవడం. మీ ఫిల్టర్లన్నీ 77వే అయితే ఆ రింగుతో మీకు కుస్తీ ఎందుకు? 77 మూత ఒకటి కొనుక్కుని, రబ్బరు హుడ్డు ఒకటి ఆ రింగు మీద బిగించుకుని, రేపటి పెళ్ళికి వెళ్ళండి.